మధ్యాహ్నమే కూలిపోయే ఆండ్రాయిడ్ స్టూడియో: గుంటూరు ఆఫీసు కేస్ స్టడీ

గుంటూరు అరండల్‌పేటలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో జరిగిన కేసు ఇది. కోల్డ్ స్టోరేజీలకు, మిర్చి వ్యాపారులకు లెక్కల సాఫ్ట్‌వేర్ తయారు చేయడం వాళ్ల పని. ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) ఏ గదిలో ఉన్నాయి, అద్దె ఎంత అయింది, సరుకు మీద తీసుకున్న అప్పు ఎంత అన్నది ఫోనులో చూపించే ఆండ్రాయిడ్ యాప్ వాళ్లకు ప్రధాన ఆదాయం. వేసవిలో మిర్చి యార్డుకు సెలవులు ఇచ్చినప్పుడు ఆ యాప్‌ను తిరగరాసి, యార్డు మళ్లీ తెరుచుకునే నాటికి కొత్తది చేతికివ్వాలని ఒప్పుకున్నారు. ఆ పని సగంలో ఉండగా కంప్యూటర్లు మొరాయించాయి. అప్పుడు నన్ను పిలిచారు.

లక్షణాలు రెండు రకాలుగా ఉన్నాయి. కొన్నిసార్లు, యాప్‌లు రాయడానికి వాడే ఆండ్రాయిడ్ స్టూడియో కిటికీ ఒక్క మాట కూడా చెప్పకుండా తెర మీద నుంచి మాయమయ్యేది. మరికొన్నిసార్లు స్టూడియో నిలబడేది కానీ బిల్డ్, అంటే కోడ్‌ను యాప్‌గా మార్చే పని, మధ్యలో ఆగిపోయేది. ఆ బిల్డ్ చేసే ఉపకరణం గ్రేడిల్. దాని డీమన్ (వెనక ఉండి నడిచే ప్రాసెస్) అనుకోకుండా కనిపించకుండా పోయిందనీ, దాన్ని ఎవరైనా ఆపేసి ఉండవచ్చు లేదా అదే కూలిపోయి ఉండవచ్చనీ ఎర్ర అక్షరాల్లో వచ్చేది. ఉదయం అంతా బాగానే ఉండేది. భోజనాల తర్వాత మొదలయ్యేది. ఒక మనిషి కంప్యూటర్ అయితే ఆ కంప్యూటర్‌ను అనుమానించవచ్చు. ఇక్కడ దాదాపు అందరిదీ అదే పరిస్థితి.

నేను వెళ్లేసరికి ఎవరికి తోచిన వైద్యం వాళ్లు చేసుకుని ఉన్నారు. ఒకరు స్టూడియోను తీసేసి మళ్లీ వేశారు. ఒకరు రోజూ ఉదయం వచ్చీ రాగానే క్యాష్‌లన్నీ చెరిపేస్తున్నారు. క్యాష్‌లోని ఇండెక్స్ (ప్రాజెక్టు సూచిక) పాడైపోయి ఉంటే అది పనికొచ్చే మందే. కానీ చెరిపిన ప్రతిసారీ ప్రాజెక్టు మొత్తాన్ని స్టూడియో మళ్లీ మొదటి నుంచి చదువుకోవాలి. ఆ చదివేటప్పుడే దానికి మెమరీ ఎక్కువ కావాలి. ఇంకొకరు ఎక్కడో చదివి స్టూడియో హీప్‌ను (ప్రోగ్రాముకు ఇచ్చే మెమరీ వాటాను), గ్రేడిల్ హీప్‌ను 4 జీబీకి పెంచారు. ఆయన కంప్యూటర్ ఒక రోజు బాగా నడిచిందని మిగతావారూ అదే సెట్టింగు పెట్టుకున్నారు. ఆ కంప్యూటర్లలో ఉన్న ర్యామ్ 8 జీబీ.

నేను మొదట అడిగింది ఒక్కటే: నేను చెప్పేదాకా ఎవరూ ఏ సెట్టింగునూ ముట్టుకోవద్దని. అందరూ అన్నీ మారుస్తూ ఉంటే ఏ మార్పు వల్ల ఏది జరిగిందో ఎప్పటికీ తేలదు.

ఎండ మీద అనుమానం

టీమ్ లీడర్ వాదన కొట్టిపారేయదగినది కాదు. “సార్, మే నెలలో మధ్యాహ్నం రెండింటికి మనుషులమే ఈ గదిలో కూర్చోలేకపోతున్నాం. కంప్యూటర్లు ఎలా తట్టుకుంటాయి? కూలిపోయేది కూడా సరిగ్గా ఆ వేళకే కదా” అన్నారు ఆమె. యజమాని కరెంటు హెచ్చుతగ్గులను అనుమానించారు. యూపీఎస్‌లు మార్చడానికి కొటేషన్ కూడా తెప్పించారు.

రెండు అనుమానాలకూ సమాధానం విండోస్ సంఘటనల చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్‌లోనే ఉంటుంది. ప్రాసెసర్ వేడెక్కితే ముందు తన వేగాన్ని తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి తగ్గకపోతే యంత్రం మొత్తం ఆగిపోతుంది. అంతేగానీ వేడి ఒక ప్రోగ్రామును మాత్రమే ఏరి చంపి, పక్కనే నడుస్తున్న బ్రౌజర్‌ను వదిలిపెట్టదు. యంత్రం సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోతే, అది వేడి వల్ల అయినా కరెంటు వల్ల అయినా, తిరిగి లేచినప్పుడు కెర్నల్ పవర్ పేరుతో 41వ నంబరు ఈవెంట్ నమోదవుతుంది. క్రాష్‌లు జరిగిన వేళల్లో ఎక్కడా ఆ నంబరు లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ హాయిగా ఉంది. పోయింది ఒక్క ప్రాసెసే. యూపీఎస్ కొటేషన్‌ను పక్కన పెట్టమన్నాను.

కళ్లెదుటే ఉన్న ఫైళ్లు

“లాగ్ ఏమీ రావడం లేదండీ, ఊరికే పోతుంది” అన్నారు అందరూ. నేను దీన్ని నమ్మలేదు. ఆండ్రాయిడ్ స్టూడియో, గ్రేడిల్, కోట్లిన్ భాషలోని కోడ్‌ను మార్చే కోట్లిన్ కంపైలర్ మూడూ జావా వర్చువల్ మెషీన్ మీద నడిచేవే. ఆ మెషీన్ కూలిపోయేటప్పుడు, రాయగలిగిన స్థితిలో ఉంటే, ఒక ఫైలు రాసి పోతుంది. దాని పేరు హెచ్‌ఎస్ ఎర్ర్ పిడ్ అని మొదలై, ప్రాసెస్ నంబరుతో ముగుస్తుంది. స్టూడియోకు చెందిన ఫైలైతే మామూలుగా యూజర్ ఫోల్డరులో జావా ఎర్రర్ ఇన్ అనే పేరుతో పడుతుంది. గ్రేడిల్‌దైతే సాధారణంగా ప్రాజెక్టు ఫోల్డరులోనే పడుతుంది.

ప్రాజెక్టు ఫోల్డరు తెరిస్తే ఆ ఫైళ్లు కుప్పగా ఉన్నాయి. మరి ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు కనిపించలేదు? కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌కు, ఏ ఫైళ్లను వదిలేయాలో చెప్పేది గిట్ ఇగ్నోర్. జావా ప్రాజెక్టులకు అందరూ వాడే గిట్ ఇగ్నోర్ నమూనాలో ఈ పేరుతో మొదలయ్యే ఫైళ్లను పట్టించుకోవద్దనే వరుస ముందే ఉంటుంది. కోడ్‌తో పాటు అవి సర్వరుకు ఎక్కకూడదన్నది దాని ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ మార్పుల జాబితాలోకి రానివి తమ ఫోల్డరులో ఉన్నట్టే ఇక్కడి పిల్లలకు తెలియలేదు. మార్పుల జాబితా తప్ప ఫోల్డరును నేరుగా తెరిచి చూసే అలవాటు ఇప్పుడు ఎవరికుంది?

ఆ ఫైలు వందల వరుసలు ఉంటుంది. చూడగానే భయం వేస్తుంది. చదవాల్సింది మాత్రం పైనున్న కొద్ది వరుసలు, చివరికి దగ్గరలో ఉన్న మెమరీ వరుస. పైన ఇలా ఉంది: జావా నడవడానికి సరిపడా మెమరీ లేదు, నేటివ్ మెమరీ కేటాయింపు విఫలమైంది. దాని కిందే సాధ్యమైన పరిష్కారాలు అంటూ ఫైలే ఒక జాబితా ఇస్తుంది. సిస్టమ్ మీద భారం తగ్గించండి, ర్యామ్ గానీ స్వాప్ స్థలం గానీ పెంచండి, జావా హీప్ పరిమాణాన్ని తగ్గించండి. అవును, తగ్గించమనే ఉంది. ఆఫీసు మొత్తం చేస్తున్నది దానికి సరిగ్గా వ్యతిరేకం.

ఇక్కడ ఒక తేడా గట్టిగా చెప్పాలి. చాలామంది వీటిని ఒక గాటన కట్టేస్తారు. జావా హీప్ స్పేస్ చాలలేదన్న ఎర్రర్ వస్తే, ప్రోగ్రాము తనకు ఇచ్చిన వాటా లోపల చోటు అయిపోయిందని అర్థం. అప్పుడు హీప్ పెంచడం న్యాయమే. నేటివ్ కేటాయింపు విఫలమైందంటే వాటా లోపల కాదు, బయట చోటు లేదు. ఆపరేటింగ్ సిస్టమే ఇవ్వలేనంది. అప్పుడు హీప్ పెంచితే బయట ఉన్న కాస్త చోటునూ మింగేసినట్టవుతుంది. మొదటిదానికి మందు అయినది రెండోదానికి విషం. ఆ ఒక్క వరుస చదవకుండా హీప్ సెట్టింగు మీద చేయి వేయకూడదు.

ర్యామ్ ఖాళీగా ఉన్నా మెమరీ లేదంటే?

టీమ్ లీడర్ వెంటనే అడ్డు చెప్పారు. క్రాష్ అయిన ప్రతిసారీ టాస్క్ మేనేజర్ చూశామనీ, ర్యామ్ ఇంకా 1 జీబీకి పైగా ఖాళీగానే కనిపించిందనీ అన్నారు. ఆమె చెప్పింది నిజమే. క్రాష్ ఫైలు చివర ఉన్న మెమరీ వరుస కూడా అదే చెబుతోంది. మొత్తం ర్యామ్ 8069 ఎంబీ, అందులో ఖాళీ 1 జీబీకి పైనే. కానీ దాని పక్క వరుసలో టోటల్ పేజ్ ఫైల్ 9093 ఎంబీ అనీ, అందుబాటులో ఉన్నది 11 ఎంబీ అనీ ఉంది. ఎర్రర్ నంబరు 1455. పేజింగ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు డిస్కు మీద వాడుకునే చోటు) ఈ పనికి చాలదని విండోస్ చెప్పే నంబరు అది.

కేసుకు తాళంచెవి ఈ వరుస. టోటల్ పేజ్ ఫైల్ అన్న పేరు చూసి డిస్కు మీద ఉన్న పేజింగ్ ఫైలు పరిమాణం అనుకుంటారు. అది కాదు. ర్యామ్‌ను, పేజింగ్ ఫైలును కలిపితే వచ్చే మొత్తం. విండోస్ దీన్ని కమిట్ పరిమితిగా లెక్క వేస్తుంది. ఏ ప్రోగ్రాముకైనా మెమరీ ఇస్తానని మాట ఇచ్చేముందు, ఆ మాట నిలబెట్టుకోవడానికి ర్యామ్‌లోనో డిస్కులోనో చోటు ఉందా అని చూసుకుంటుంది. ప్రోగ్రాము దాన్ని వాడినా వాడకపోయినా, ఇచ్చిన మాట లెక్కలోకి వస్తుంది.

వాళ్ల ఖాతాదారుల భాషలోనే చెప్పాను. కోల్డ్ స్టోరేజీలో ఒక గది ఖాళీగా కనిపించవచ్చు. కానీ ఆ గదిని ఒక వ్యాపారి ముందే బుక్ చేసుకుని ఉంటే, సరుకు ఇంకా రాకపోయినా, యజమాని దాన్ని మరొకరికి ఇవ్వలేడు. టాస్క్ మేనేజర్‌లో వాళ్లు చూస్తున్నది ఖాళీ గదులను. చూడాల్సింది బుకింగ్ పుస్తకాన్ని. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలోనే, కింద కమిటెడ్ అని రెండు అంకెలు గీతతో విడిపోయి ఉంటాయి. మొదటిది ఇచ్చిన మాటల మొత్తం, రెండోది పరిమితి. మధ్యాహ్నం ఆ రెండూ దాదాపు సమానమయ్యాయి.

9093లో 8069 తీసేస్తే మిగిలేది 1024. అంటే పేజింగ్ ఫైలు కచ్చితంగా 1 జీబీ దగ్గర బిగించి ఉంది. విండోస్ తనంతట తాను నిర్ణయించుకుంటే ఇలా ఉండదు. అవసరమైతే ర్యామ్‌కు మూడు రెట్ల దాకా, డ్రైవు పరిమాణంలో ఎనిమిదో వంతు దాటకుండా పెంచుకుంటుంది. ఎవరో చేత్తో పెట్టారు. విచారిస్తే తెలిసింది. అంతకుముందు ఏడాది అన్ని కంప్యూటర్లకూ 120 జీబీ ఎస్‌ఎస్‌డీలు వేయించినప్పుడు, వేసిన వాళ్లు డిస్కు ఎక్కువకాలం మన్నాలని పేజింగ్ ఫైలును ఇలా కట్టేశారు. డిస్కు మీద శ్రద్ధతో చేసిందే. కానీ పరిమితి పెంచినంత మాత్రాన డిస్కు మీద రాతలు పెరగవు. మాట ఇవ్వడానికి చోటు ఉందని చూపించడమే చాలాసార్లు సరిపోతుంది.

మధ్యాహ్నమే ఎందుకు

కారణం దొరికినా ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా కేసు మూసేయడం నాకు ఇష్టం లేదు. టీమ్ లీడర్ ఎండ అన్నారంటే ఆమెకు కనిపించిన సమయం నిజం. ఆ సమయాన్ని వివరించలేని కారణం సగం కారణమే.

వాళ్ల దినచర్య అడిగాను. ఉదయం అందరూ స్టూడియోలో కోడ్ రాస్తారు. బిల్డ్‌లు స్టూడియో నుంచే నడుస్తాయి. భోజనాలయ్యాక ఎవరి భాగాన్ని వాళ్లు కమాండ్ లైన్ స్క్రిప్టుతో రిలీజ్ బిల్డ్ చేసి, ఒక కోల్డ్ స్టోరేజీ గుమాస్తాకు వాట్సాప్‌లో పంపుతారు. ఆయన వాడి చూసి తప్పులు చెబుతారు. ఆయన చెప్పిన తప్పును చూడడానికి, కంప్యూటర్‌లోనే ఫోనును అనుకరించే ఎమ్యులేటర్ తెరుస్తారు.

ఉదయం నుంచి జావా ప్రాసెస్‌ల జాబితాను గమనిస్తే విషయం బయటపడింది. గ్రేడిల్ వేగం కోసం తన డీమన్‌ను బిల్డ్ అయ్యాక కూడా బతికించి ఉంచుతుంది. ఖాళీగా ఉన్నా మామూలుగా 3 గంటల దాకా అది పోదు. తర్వాతి బిల్డ్ అదే డీమన్‌ను వాడుకోవాలంటే జేడీకే (జావా సాధనాల కట్ట) ఒకటే కావాలి, జావా సెట్టింగులూ ఒకటే కావాలి. స్టూడియో తనతో పాటు వచ్చిన జేడీకేను వాడుతోంది. స్క్రిప్టు మాత్రం జావా హోమ్ అనే సెట్టింగులో రాసి ఉన్న మరో జేడీకేను వాడుతోంది. కాబట్టి స్క్రిప్టు నడిపిన ప్రతి కంప్యూటర్‌లో రెండో డీమన్ పుడుతోంది. దానికి తోడు కోట్లిన్ కంపైలర్‌ది వేరే డీమన్. దానికి ప్రత్యేకంగా ఏమీ చెప్పకపోతే గ్రేడిల్ హీప్ పరిమితినే అదీ తీసుకుంటుంది. అంటే ఒకరి సలహాతో పెట్టిన ఆ 4 జీబీ ఒక్కచోట పెట్టింది కాదు. స్టూడియోకు, రెండు గ్రేడిల్ డీమన్లకు, కోట్లిన్‌కు విడివిడిగా 4 జీబీ దాకా పెరిగే అనుమతి అది. హీప్ బయట జావా వాడుకునే మెటాస్పేస్, కోడ్ క్యాష్, థ్రెడ్ల స్టాక్‌లు అదనం. ఆపైన ఎమ్యులేటర్, అందులో ఫోనుకు కేటాయించిన ర్యామ్. పరిమితి చూస్తే 9 జీబీ.

రుజువు కోసం ఒక పరీక్ష పెట్టాం. ఎండ ఎక్కకముందే, ఏసీ వేసిన గదిలో, ఉదయాన్నే మధ్యాహ్నపు పనులన్నీ అదే వరుసలో చేయించాను. స్టూడియో తెరిచి బిల్డ్, తర్వాత స్క్రిప్టు, తర్వాత ఎమ్యులేటర్. కమిటెడ్ అంకె పరిమితిని తాకుతూనే గ్రేడిల్ కూలిపోయింది. అదే కంప్యూటర్‌లో పేజింగ్ ఫైలు ఒక్కటే మార్చి, మిగతా ఏదీ ముట్టుకోకుండా, నడి మధ్యాహ్నం అవే పనులు చేశాం. నెమ్మదిగా నడిచింది గానీ కూలలేదు. టీమ్ లీడర్ ఎండ మాట మళ్లీ ఎత్తలేదు.

చేసిన మార్పులు

పేజింగ్ ఫైలును విండోస్‌కే వదిలేశాం. అయితే సీ డ్రైవులో ఖాళీ లేకపోతే అది పెరగలేదు. చాలా కంప్యూటర్లలో గ్రేడిల్ క్యాష్, ఎమ్యులేటర్ ఇమేజ్‌లు సీ డ్రైవును దాదాపు నింపేసి ఉన్నాయి. వాటిని పాత హార్డ్ డిస్కుకు మార్చాం. బిల్డ్ కాస్త మందగించింది, ఇది ఒప్పుకోవాల్సిన నష్టం.

కానీ పరిమితి పెంచి ఊరుకుంటే క్రాష్ పోయి ఆ స్థానంలో నత్తనడక వస్తుంది. అసలు భారం తగ్గించాలి. జావా హోమ్‌ను, స్టూడియో గ్రేడిల్ జేడీకేను ఒకటే చేశాం. దాంతో రెండో డీమన్ పుట్టడం ఆగిపోయింది. అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది ఈ చిన్న మార్పే. దీనికి ఖర్చు లేదు. ఖాళీ డీమన్ బతికే సమయాన్ని అరగంటకు తగ్గించాం. స్టూడియో హీప్‌ను తిరిగి 2 జీబీకి తెచ్చాం. కోట్లిన్‌కు వేరుగా 1 జీబీ రాశాం.

గ్రేడిల్ హీప్ దగ్గర మాత్రం కాస్త ఆలోచించాల్సి వచ్చింది. 1 జీబీ ఇస్తే మామూలు బిల్డ్ నడిచింది. రిలీజ్ బిల్డ్‌లో కోడ్‌ను కుదించే ఆర్8 దశకు వచ్చేసరికి హీప్ స్పేస్ చాలలేదన్న ఎర్రర్ వచ్చింది. ఆర్8 గ్రేడిల్ డీమన్ లోపలే నడుస్తుంది. ఇప్పుడు ఇది వాటా లోపలి కొరత, కాబట్టి పెంచడమే సరైన పని. 2 జీబీ దగ్గర ఆగాం. ఎమ్యులేటర్ బదులు వీలైనంత వరకు పాత ఫోన్లను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి వాడమన్నాను. మిర్చి గుమాస్తా చేతిలో ఉండేది కూడా అలాంటి ఫోనే. కాబట్టి పరీక్ష కూడా నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఆ ఆఫీసులో ఒకే ఒక ఉబుంటు ల్యాప్‌టాప్ ఉంది. దాని కథ వేరు. అక్కడ క్రాష్ ఫైళ్లు నిజంగానే లేవు. లినక్స్ మామూలుగా మెమరీ ఇస్తానని ధారాళంగా మాట ఇస్తుంది. చివరికి చోటు చాలకపోతే ఒక ప్రాసెస్‌ను ఎంచుకుని ఆపేస్తుంది. ఆ ఆపడం 9వ నంబరు సిగ్నల్‌తో జరుగుతుంది. దాన్ని ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు. జావాకు ఫైలు రాసుకునే వ్యవధి కూడా ఉండదు. అందుకే అక్కడ చూడాల్సింది కెర్నల్ లాగ్. మెమరీ అయిపోయి జావాను చంపినట్టు అందులో స్పష్టంగా ఉంది. క్రాష్ ఫైలు లేకపోవడం కూడా ఒక ఆధారమేనని ఈ ల్యాప్‌టాప్‌ను చూపించి పిల్లలకు చెప్పాను.

తగ్గని కంప్యూటర్

అన్నీ కుదుటపడ్డాక కూడా ఒక జూనియర్ కుర్రాడి కంప్యూటర్ కూలుతూనే ఉంది. అతను చాలా బెంగపడ్డాడు. తన కోడ్‌లోనే ఏదో లోపం ఉందని అనుకుంటున్నాడు. కొత్త ఫైళ్లు తెరిచి చూస్తే మెమరీ మాట లేదు. యాక్సెస్ వయలేషన్ అని ఉంది. ముట్టకూడని చిరునామాను ముట్టిందని అర్థం.

ఇలాంటప్పుడు సమస్య ఉన్న ఫ్రేమ్ అనే వరుస చూడాలి. ప్రతి ఫైలులోనూ ఒకే గ్రాఫిక్స్ లైబ్రరీ పేరు కనిపిస్తే డ్రైవరును అనుమానించాలి. ఇతని ఫైళ్లలో ఒకసారి చెత్త ఏరే (వాడి వదిలేసిన మెమరీని ఖాళీ చేసే) థ్రెడ్, ఒకసారి కంపైలర్ థ్రెడ్, ఒకసారి విండోస్ సొంత లైబ్రరీ. ఒక్కోసారి ఒక్కోచోట. అదే ప్రాజెక్టు, అదే వెర్షన్ పక్క కంప్యూటర్‌లో నిక్షేపంగా నడుస్తోంది. పైగా గ్రేడిల్ క్యాష్‌లో దించుకున్న లైబ్రరీలు ఇతని దగ్గరే పాడవుతున్నాయి. ఇవన్నీ కలిస్తే సాఫ్ట్‌వేర్‌ను వదిలి హార్డ్‌వేర్ వైపు చూడాలి.

విండోస్‌తో వచ్చే మెమరీ పరీక్ష ఏ లోపమూ చూపలేదు. దాని మాట చివరి మాట అనుకోకూడదు. పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 పెట్టి రాత్రంతా వదిలేశాం. తెల్లారేసరికి ఎర్రర్లు కనిపించాయి. రెండు ర్యామ్ మాడ్యూళ్లను విడివిడిగా పరీక్షిస్తే ఒకటి శుభ్రంగా ఉంది, రెండోది తప్పులు చేస్తోంది. దాన్ని మార్చాక ఆ కంప్యూటర్ నిలబడింది. అంతకుముందు అతను రాసిన కోడ్ కూడా వృథా కాలేదు. అయితే ఆ కంప్యూటర్‌లో తయారైన బిల్డ్‌లేవీ నమ్మవద్దని, అన్నీ చెరిపి మళ్లీ చేయమని చెప్పాను. చెడ్డ ర్యామ్ మీద తయారైన ఏపీకేలో (ఫోనులో వేసే యాప్ ఫైలులో) ఏ లెక్క ఎలా తేడా పడి ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. రైతు అప్పు లెక్క చూపించే యాప్‌లో ఆ సందేహం ఉండకూడదు.

చివర్లో యజమాని అడిగారు, అందరికీ 16 జీబీ వేయించమంటారా అని. ఎమ్యులేటర్ తప్పనిసరిగా వాడే ఇద్దరికి వేయించమన్నాను. మిగతావారికి ఇప్పుడున్న సెట్టింగులతో 8 జీబీ సరిపోతోంది, కమిటెడ్ అంకె పరిమితికి దూరంగానే ఉంటోంది. యూపీఎస్‌లకు అనుకున్న డబ్బులో కొంత దీనికి సరిపోయింది. గిట్ ఇగ్నోర్‌లో ఆ వరుసను తీయలేదు, తీయాల్సిన అవసరం లేదు. బిల్డ్ స్క్రిప్టుకే ఒక పని అదనంగా చేర్చాం. మొదలయ్యేటప్పుడు ప్రాజెక్టు ఫోల్డరులో కొత్త క్రాష్ ఫైలు కనిపిస్తే, దాని పై వరుసలను తెర మీద చూపించి, ఎంటర్ నొక్కేదాకా ముందుకు కదలదు.